రక్తంలోని యాంటీఆక్సిడెంట్లు

ఆక్సిజన్ వాడకంలో పుట్టే చురుకైన అణువుల దాడి నుంచి శరీరాన్ని కాపాడే రక్తభాగాలు. ప్లాస్మాలో యూరిక్ ఆమ్లం, ఆల్బుమిన్, విటమిన్ సి ముఖ్యమైనవి. కామెర్లతో చెడ్డపేరు తెచ్చుకున్న బిలిరుబిన్ కూడా కొద్ది మోతాదులో రక్షకమే.

అసలు భారం ఎర్రరక్తకణానిది. ఆక్సిజన్ మోసే హీమోగ్లోబిన్ నుంచే అందులో సూపరాక్సైడ్ పుడుతుంది. దీన్ని సూపరాక్సైడ్ డిస్మ్యుటేజ్ హైడ్రోజన్ పెరాక్సైడ్‌గా మారుస్తుంది. ఈ ఎంజైము పనిని 1969లో మెక్‌కార్డ్, ఫ్రిడోవిచ్ వెల్లడించారు. ఆ పెరాక్సైడ్‌ను కాటలేజ్, గ్లూటాథయోన్ పెరాక్సిడేజ్ వదిలిస్తాయి. కేంద్రకం లేని ఈ కణం కొత్త ఎంజైములను తయారుచేసుకోలేదు. ఉన్న సరుకుతోనే సుమారు 120 రోజులు నెట్టుకురావాలి. జీ6పీడీ అనే ఎంజైము లోపమున్నవారిలో గ్లూటాథయోన్ సరిగా పునరుద్ధరణ కాదు. వారికి మలేరియా మందు ప్రైమాక్విన్ ఇస్తే కణాలు చిట్లుతాయి.

పాత నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో, ముఖ్యంగా నల్లగొండలో, ఈ యాంటీఆక్సిడెంట్ల విషయం ఫ్లోరైడ్ నీటి వల్ల చర్చకు వస్తుంది. అధిక ఫ్లోరైడ్ ఈ ఎంజైములను దెబ్బతీస్తుందని జంతు ప్రయోగాల్లో కనిపించింది. మనుషుల్లో ఫలితాలు ఒకేలా లేవు. ఫ్లోరోసిస్‌తో వంగిన ఎముకలను యాంటీఆక్సిడెంట్ మాత్రలు సరిచేయలేవు. తాగునీటిలో ఫ్లోరైడ్‌కు ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన పరిమితి లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. పటిక, సున్నం కలిపి దాన్ని తగ్గించే, నాగపూర్‌లోని నీరి సంస్థ రూపొందించిన విధానానికి ‘నల్లగొండ పద్ధతి’ అనే పేరు స్థిరపడింది.