దానంతటదే తగ్గే మచ్చకు మందు పనిచేసిందని ఎలా తెలుస్తుంది?

పుట్టిన కొద్ది వారాలకు పసివాళ్ల ఒంటిమీద ఎర్రగా ఉబ్బే మచ్చ ఒకటుంది. డాక్టర్లు ఇన్‌ఫెంటైల్ హీమాంజియోమా అంటారు. రక్తనాళాల గడ్డ, క్యాన్సర్ కాదు. నాలుగైదు నెలలు వేగంగా పెరిగి, తర్వాత కొన్నేళ్లలో దానంతటదే కుంగిపోతుంది. (పోర్ట్‌వైన్ మచ్చ వేరు, అది పోదు.) 1938లో లిస్టర్ అనే వైద్యుడు ఇలాంటి పిల్లలను గమనిస్తూ వచ్చి ఈ సంగతి లాన్సెట్ పత్రికలో రాశాడు.

తాయెత్తులవాళ్లకు ఇంతకన్నా మంచి జబ్బు దొరకదు. ఏడాది నిండాక కడితే చాలు, పేరొస్తుంది. కానీ ఇదే బోల్తా డాక్టర్లూ పడ్డారని మన హేతువాదులు అంతగా చెప్పరు. స్వీడన్‌లో 1920 నుంచి దశాబ్దాలపాటు వేలమంది పసివాళ్ల మచ్చలకు రేడియం పెట్టారు. మచ్చలు తగ్గాయి. పెద్దయ్యాక ఆ ఆడపిల్లల్లో రొమ్ము క్యాన్సర్లు మామూలుకన్నా ఎక్కువగా వచ్చాయి.

అలాగని అన్నిటినీ వదిలేయలేం. కంటిని మూసేసే మచ్చ చూపు పోగొడుతుంది, గొంతులోది ఊపిరాడనివ్వదు. అందుకే 1967-68 నుంచి ప్రెడ్నిసొలోన్ ఇచ్చారు. 1992లో ఇంటర్‌ఫెరాన్ వచ్చింది. కొందరు పిల్లలకు కాళ్లు బిగుసుకుపోయే పక్షవాతం తెచ్చింది. రెండూ మొదట కేవలం కొద్దిమంది పిల్లల అనుభవం మీద నడిచినవే. డిఫెన్స్ అకౌంట్స్‌లో ముప్పై ఏళ్లు బిల్లులు చూసిన నాకు ఇది వోచర్ లేకుండా పాసైన బిల్లులా కనిపిస్తుంది.

2008లో ఫ్రాన్స్‌లోని బోర్డోలో క్రిస్టీన్ లియోటే-లబ్రెజ్ బృందం ఒక విచిత్రం ప్రకటించింది. ముక్కు మీద గడ్డకు స్టెరాయిడ్ వాడుతున్న బిడ్డకు గుండె కండరం మందమైంది. దానికి ప్రొప్రనొలాల్ ఇచ్చారు. అది 1960లలో జేమ్స్ బ్లాక్ తయారుచేసిన పాత గుండె మందు. మర్నాటికే గడ్డ రంగు మారి మెత్తబడింది. వాళ్లు ప్రకటించింది మొత్తం 11 మంది పిల్లల సంగతి.

అక్కడితో ఆగితే ఇదీ ఒక తాయెత్తే. ఆగలేదు. 2015లో 460 మంది పసివాళ్లతో చేసిన పరీక్ష ఫలితాలు వచ్చాయి. కిలో బరువుకు రోజుకు 3 మిల్లీగ్రాముల చొప్పున ఆరు నెలలు వాడినవాళ్లలో 60 శాతానికి మచ్చ పూర్తిగానో దాదాపుగానో పోయింది. ఉత్తుత్తి మందు తాగినవాళ్లలో 4 శాతానికే. నన్ను ఒప్పించింది ఆ 60 కాదు, పక్కనున్న 4.

ఈ మందుకూ ఖర్చుంది. రక్తంలో చక్కెర పడిపోవచ్చు, అందుకే పాలు తాగించాకే ఇస్తారు. నిద్ర చెడుతుంది. కనుక చైనాలో 377 మంది పిల్లల్లో దీన్ని మెదడులోకి తక్కువగా చేరే అటెనొలాల్‌తో పోల్చారు. 2021లో వచ్చిన లెక్క: ఆరు నెలలకు గుణం కనిపించింది 93.7 శాతానికి, 92.5 శాతానికి. దుష్ఫలితాలు మాత్రం ప్రొప్రనొలాల్‌తో 70 శాతం మందికి, అటెనొలాల్‌తో 44 శాతం మందికి.