వంతెన నాడి చూసే రైలు
ఉప్పల్, నాచారం: రైలు పైకి చేరగానే వంతెన స్వల్పంగా వంగి కంపిస్తుంది. ఆ కంపనం రైలు పెట్టెకూ చేరుతుంది. పెట్టెలో అమర్చిన సెన్సర్లతో దానిని నమోదు చేసి వంతెన పటుత్వాన్ని అంచనా వేయవచ్చు. వంతెనపై సాగే వాహనం ద్వారానే దాని కంపనాన్ని గ్రహించవచ్చని తైవాన్‌కు చెందిన వై.బి.యాంగ్ బృందం 2004లో ప్రతిపాదించింది.

నాచారానికి ఉత్తరాన మౌలాలి, చర్లపల్లి మీదుగా సికింద్రాబాద్-కాజీపేట మార్గం సాగుతుంది. ఉప్పల్‌లో 2017 నవంబరులో మొదలైన మెట్రో స్తంభాలపై నిర్మించిన వంతెన మీదనే నడుస్తుంది. ఇటువంటి మార్గాల్లో ప్రతి వంతెనకూ విడిగా పరికరాలు అమర్చడం వ్యయభరితం. సెన్సర్లున్న ఒక్క రైలు దారిలోని వంతెనలన్నింటినీ పరిశీలించగలగడం ఈ విధానంలోని ప్రయోజనం.

పనిచేసే తీరు

ప్రతి వంతెనకూ సహజమైన కంపన వేగం ఉంటుంది. పగుళ్లు, తుప్పు, పునాది బలహీనత వల్ల దృఢత్వం తగ్గితే ఆ వేగమూ తగ్గుతుంది. బరువు మారకుండా దృఢత్వం 19 శాతం తగ్గితే కంపన వేగం 10 శాతం పడిపోతుంది. పెట్టెలోని యాక్సిలరోమీటర్లు ఈ మార్పును పట్టుకోవాలి.

గంటకు 72 కిలోమీటర్ల వేగంతో వెళ్లే పెట్టె 30 మీటర్ల వంతెనను ఒకటిన్నర సెకనులోనే దాటుతుంది. పెట్టె స్ప్రింగుల ఊగిసలాట, పట్టాల ఎగుడుదిగుళ్లు, ఎండ వేడిమి కూడా కొలతలను ప్రభావితం చేస్తాయి. అందువల్ల ఒక్క ప్రయాణంతో నిర్ధారణకు రాలేరు. అనేక ప్రయాణాల నమోదులను సరిపోల్చాలి. భారతీయ రైల్వేలో పెట్టె నేలపై పరికరం ఉంచి కుదుపులను కొలిచే పద్ధతి ఉన్నప్పటికీ, అది ప్రధానంగా పట్టాల లోపాలను గుర్తించడానికే ఉద్దేశించినది.

వలిగొండ పాఠం

2005 అక్టోబరు 29 వేకువన రామన్నపేట-వలిగొండ మధ్య వరదకు చిన్న వంతెన కొట్టుకుపోయింది. సికింద్రాబాద్‌కు వస్తున్న డెల్టా ప్యాసింజర్ ప్రమాదానికి గురై వందమందికి పైగా మరణించారు. ఇటువంటి ఆకస్మిక విపత్తును రైలులోని సెన్సర్లు ముందుగా చెప్పలేవు. వంతెన మీదికి చేరాకనే అవి పనిచేస్తాయి, అప్పటికే ఆలస్యమైపోతుంది.

నెలల తరబడి సాగే క్షీణతను గుర్తించడమే ఈ విధానం పరిధి. వరద ముప్పును పసిగట్టడానికి నీటిమట్టాన్ని కొలిచే పరికరాలు, వర్షాకాలంలో పట్టాల వెంట గస్తీ, వర్షాలు వెలిసిన తరువాత ఇంజినీర్లు జరిపే వార్షిక తనిఖీ తప్పనిసరి. సెన్సర్లు వాటికి తోడు కాగలవే తప్ప ప్రత్యామ్నాయం కాలేవు.