వకీలుకీ ఉందండీ శిక్ష!

ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికెళ్ళి ఏడ్చాడని సామెత. లింగంపేటలో బస్సెక్కి, ఎల్లారెడ్డికో కామారెడ్డికో వాయిదాలకు తిరిగినవాళ్ళకు దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు. పొలం పత్రాలు, భరణం కాగితాలు, డిక్రీ నకళ్ళు అన్నీ మూటగట్టి వకీలు చేతిలో పెడతాం. ఆయన మోసం చేస్తే శిక్ష పడుతుందని మనకు తెలుసు. మరి మోసమేమీ లేకుండానే, అశ్రద్ధ వల్లనో పట్టుదల వల్లనో వృత్తిధర్మం తప్పితే?

వెనకటికి వకీళ్ళ తప్పుల మీద చివరిమాట హైకోర్టులది. 1926 చట్టంతో బార్ కౌన్సిళ్ళు వచ్చినా పెత్తనం హైకోర్టుదే. 1961 అడ్వకేట్ల చట్టం వచ్చాక విచారణా, శిక్షా బార్ కౌన్సిళ్ళ చేతికే వచ్చాయి. తప్పు రుజువైతే మందలించవచ్చు, కొంతకాలం సన్నదు ఆపవచ్చు, జాబితాలోంచి పేరే కొట్టేయవచ్చు. చెవి మెలిపెట్టడం నుంచి ఇంట్లోంచి వెళ్ళగొట్టడం దాకా అన్నమాట!

ఏ తప్పుకి ఏది? ఒట్టి అశ్రద్ధా, అంచనా తప్పడమూ నేరం కావనీ, అశ్రద్ధ మరీ ఘోరమై నీతి తప్పేదాకా పోతేనే శిక్ష అనీ 1963లో సుప్రీంకోర్టు అంది.

మధ్యప్రదేశ్‌లో ఒక సహకార బ్యాంకు తన వకీల్ని మానిపించి కాగితాలు అడిగింది. "ఫీజు బాకీ తీర్చండి, అప్పుడిస్తా" నన్నాడాయన. బార్ కౌన్సిల్ ఆయన్ని పద్ధెనిమిది నెలలు ప్రాక్టీసు మానమంది. 2000లో సుప్రీంకోర్టు, కట్ట ఆపడం తప్పేనంటూనే, తనకా హక్కు ఉందని ఆయన నిజంగానే అనుకుని ఉండవచ్చని మందలింపుతో సరిపెట్టింది. ఇకముందు ఎవరైనా ఇలా చేస్తే ఈ కనికరాన్ని ఉదాహరణగా చూపించడానికి వీల్లేదనీ చెప్పింది.

ఇక మన ఖమ్మం సంగతి చూడండి. అక్కడి మున్సిఫ్ కోర్టులో డిక్రీ అమలుకు ఒకాయన వకీల్ని పెట్టుకున్నాడు. వసూలైన పద్నాలుగు వేల పైచిలుకు రూపాయలు వకీలుకు ముట్టాయి, కక్షిదారుకు ముట్టలేదు. ఆంధ్రప్రదేశ్ బార్ కౌన్సిల్ ఆ వకీలు పేరు కొట్టేసింది. అప్పీలులో భారత బార్ కౌన్సిల్, "ఇది అశ్రద్ధే గాని కాజేసే బుద్ధి కాదు" అని వదిలేసింది. 2002లో సుప్రీంకోర్టు ఆ మాట ఒప్పుకోలేదు. పరాయి సొమ్ము దగ్గర పెట్టుకుని బుద్ధి మంచిదంటే చెల్లదంది, పేరు కొట్టేసిన శిక్షనే నిలబెట్టింది.

అంటే మనసులో కపటం లేకపోతే శిక్ష తగ్గవచ్చు. మన డబ్బు విషయంలో మాత్రం, "కాజేద్దామనుకోలేదు" అనే మాటతో పని జరగదు. ఫీజు రావాల్సి ఉంటే వకీలు గారు దావా వేసుకోవచ్చు, కాగితాల కట్ట మాత్రం మనది. అందుకే, ఇచ్చిన ప్రతి కాగితానికీ ఒక జాబితా రాసి, పప్పుల డబ్బాలో అయినా సరే, భద్రంగా దాచుకోండి.