పునర్వివాహం నుంచి పునర్జీవనం దాకా: తెలుగు నవలలో స్త్రీ రెండో బతుకు

ఉపోద్ఘాతం

తెలుగు నవలలో స్త్రీ జీవితాన్ని మళ్లీ మొదలుపెట్టిన సందర్భాలను చర్చించేటప్పుడు విమర్శ తరచుగా ఒకే ప్రశ్న వేస్తుంది: ఆమె ఎవరిని విడిచింది, ఎవరిని చేరింది? ఈ ప్రశ్న కథలో సగాన్నే చూపుతుంది. గడప దాటిన స్త్రీ ఎక్కడ తలదాచుకుంది, ఏ ఆధారంతో బతికింది, తన కాలాన్ని ఎవరి అనుమతితో గడిపింది అని అడిగితే ఈ నవలల చరిత్ర మరో విధంగా కనిపిస్తుంది. రెండో జీవితానికి పర్యాయపదంగా ఉన్న రెండో వివాహం క్రమంగా ఆ స్థానాన్ని కోల్పోయిందని చూపడం ఈ వ్యాసం ఉద్దేశం.

వివాహమే ఆధారమైన దశ

1856 నాటి వితంతు పునర్వివాహ చట్టం హిందూ వితంతువు వివాహానికి చట్టబద్ధత కల్పించింది. కానీ మళ్లీ పెళ్లాడిన స్త్రీ గతించిన భర్త ఆస్తిపై హక్కును కోల్పోతుందని కూడా అదే చట్టం విధించింది. కొత్త జీవితం కావాలంటే పాత ఆధారం వదులుకోవాలి. కొత్త ఆధారం కొత్త భర్తే.

కందుకూరి వీరేశలింగం ‘రాజశేఖర చరిత్రము’ 1878లో ధారావాహికగా వెలువడింది. అందులో రుక్మిణి భర్త మరణించాడన్న వార్త వస్తుంది. చివరికి అతడు సజీవంగా తిరిగివస్తాడు. వైధవ్య సమస్య అది వైధవ్యమే కాదని తేలడంతో తీరిపోతుంది. తర్వాత మూడేళ్లకే, 1881 డిసెంబరు 11న, వీరేశలింగం రాజమహేంద్రవరంలో వితంతు వివాహం జరిపించారు. ఆచరణలో ఆయన వేసిన అడుగుకు ఆ తొలి నవలలో ఇంకా చోటు దొరకలేదు.

చలం ‘మైదానం’ (1927)లో రాజేశ్వరి భర్తను విడిచి అమీరుతో వెళుతుంది. ఆమె సంస్కర్తల అనుమతి కోరదు. కానీ ఆ స్వేచ్ఛకు ప్రేమ ఒక్కటే పునాది. 1960లలో వచ్చిన రంగనాయకమ్మ ‘బలిపీఠం’లో వితంతువైన అరుణ భాస్కర్‌ను కులాంతర వివాహం చేసుకుంటుంది. సంస్కరణ కోరిన రెండో అవకాశం ఆమెకు దక్కింది. కులం మాత్రం ఆ కాపురంలోకి వెంట వచ్చింది. పెళ్లి జరగడం, జీవితం మారడం ఒకటి కాదని ఈ నవల స్పష్టం చేసింది.

విముక్తి, వృత్తి, కాలం

1955 హిందూ వివాహ చట్టం విడాకులకు దారి తెరిచింది. 1976 సవరణ పరస్పర అంగీకార విడాకులను చేర్చింది. 1985లో ఆంధ్రప్రదేశ్ సవరణ కుమార్తెలకు ఉమ్మడి ఆస్తిలో జన్మతః హక్కు ఇచ్చింది. అప్పటికే వివాహమైన వారికి అది వర్తించలేదు. చట్టం తలుపు తీసింది కానీ గడప అవతల ఏముందో చెప్పలేదు. ఆ ఖాళీని నవల పూరించింది.

రంగనాయకమ్మ ‘జానకి విముక్తి’లో జానకి భర్త వెంకట్రావు హింస నుంచి బయటపడడానికి సోదరుడు సత్యం అండ దొరుకుతుంది. అయితే అండ దొరకడంతో విముక్తి పూర్తికాదు. తన జీవితాన్ని తానే ఆలోచించుకోవడం నేర్చుకోవాలన్నది రచయిత్రి పట్టు. ఆంధ్రప్రభ వారపత్రికలో ఈ నవల ధారావాహిక మధ్యలోనే ఆగిపోయిన సంగతి, భర్తను విడిచే కథానాయిక ఆనాడు ఎంత కలవరం కలిగించిందో సూచిస్తుంది.

ఓల్గా ‘స్వేచ్ఛ’ (1987) మరో మెట్టు. అరుణ చదువుకుంది, ఉద్యోగం చేస్తుంది, ప్రకాశాన్ని ప్రేమించి పెళ్లాడింది. చలం కోరిన ప్రేమ, సంస్కర్తలు కోరిన చదువు రెండూ ఆమెకు ఉన్నాయి. అయినా ఇంటి బయట తాను ఏం చేయాలో తానే నిర్ణయించుకోలేకపోవడం ఆమె సమస్య. జీతం ఆమెదే, కాలం ఆమెది కాదు. అందువల్ల అరుణ నిష్క్రమణకు మరో పురుషుడు కారణం కాడు, గమ్యమూ కాడు.

కె.ఎన్. మల్లీశ్వరి ‘నీల’ (2017)లో వివాహ వైఫల్యం కథకు ముగింపు కాదు. తర్వాతి అనుబంధాలు నీల ఎదుగుదలలో భాగమవుతాయే గాని ఆమెకు ఉద్ధరణ కావు. నవల కాకపోయినా ఓల్గా ‘సమాగమం’ కథను ఇక్కడ స్మరించాలి. అందులో శూర్పణఖ ముందు తోట పెంచుకుంటూ తనను తాను నిలబెట్టుకుంది. సుధీరుడి సాహచర్యం ఆ తర్వాతిది. ఈ క్రమమే ‘మైదానం’కూ దీనికీ మధ్య ఉన్న దూరం.

ముగింపు

రుక్మిణికి భర్త తిరిగివచ్చాడు, రాజేశ్వరికి ప్రియుడు దొరికాడు, జానకికి ఆలోచన దొరికింది, అరుణ తన కాలాన్ని కోరింది. ఈ వరుసను నిరంతర పురోగతిగా చదవడం మాత్రం పొరపాటు. ‘స్వేచ్ఛ’లోని అరుణకు విడిచి వెళ్లడానికి ఒక ఇల్లు, పట్టుకోవడానికి ఒక ఉద్యోగం ఉన్నాయి. నిత్యం కూలికి వెళ్లే స్త్రీకి ఇంటి బయట అడుగుపెట్టడం విముక్తి కాదు, రోజువారీ అవసరం. ఆమె రెండో బతుకును కొలవడానికి గడప దాటడం ప్రమాణం కాజాలదు. ‘ఎవరిని చేరింది’ అన్న ప్రశ్నను విడిచిపెట్టిన విమర్శ, ‘గడప ఎవరికి ఉంది’ అన్న ప్రశ్నను ఇప్పుడు చేపట్టవలసి ఉంది.