నార్‌ఫోక్ తీరగ్రామాలు

నార్‌ఫోక్ ఇంగ్లాండు తూర్పు భాగమున ఉత్తర సముద్రమును ఆనుకొని ఉన్న కౌంటీ (మన జిల్లా వంటిది). ముఖ్య పట్టణము నారిచ్. అధిక భాగము వ్యవసాయ భూమి. తీరమునందలి గ్రామములు, చిన్న పట్టణములు వేసవి విడుదులుగా ప్రసిద్ధి చెందినవి. ఈ తీరరేఖ స్థిరమైనది కాదు. ఉత్తరమున కొన్ని రేవులు ఒండ్రుమట్టితో పూడి సముద్రమునకు దూరమైనవి. తూర్పున సముద్రము ఊళ్ళనే కోసివేయుచున్నది.

ఉత్తర తీరము

హన్‌స్టాంటన్ పట్టణము పడమటి ముఖముగా ఉన్నందున ఇక్కడ సూర్యాస్తమయమును సముద్రముపై చూడవచ్చును. తూర్పు ఇంగ్లాండులో ఇది అరుదు. ఇచ్చటి చరియలలో తెలుపు, ఎరుపు సుద్దరాయి పొరలు స్పష్టముగా కనిపించును. క్లై గ్రామము పేరులో "సముద్రము ప్రక్కన" అని ఉన్నను, మధ్యయుగపు ఈ రేవుకు సముద్రము నేడు కిలోమీటరుకు పైగా దూరము. ఇచ్చటి చిత్తడి నేలలు 1926 నుండి పక్షి సంరక్షణ కేంద్రము. సమీపమున బ్లేక్నీ ఇసుకతిన్నెపై శీతాకాలమున వేలాది సీల్ పిల్లలు పుట్టును. వాటిని చూచుటకు మార్‌స్టన్ నుండి పడవలు కలవు.

క్రోమర్ పీతలకు పేరుపొందినది. సముద్రములోనికి కట్టిన ఇచ్చటి పియర్ 1901లో ప్రారంభమైనది. దాని చివర నాటకశాల ఉన్నది. ప్రాణరక్షక పడవ నడిపిన హెన్రీ బ్లాగ్ (1876–1954) ఈ ఊరివాడే. 53 సంవత్సరముల సేవలో ఆయన, ఆయన సిబ్బంది 873 మందిని కాపాడిరి.

హేజ్‌బ్రా

అక్షరములను బట్టి "హాపిస్‌బర్గ్" అని చదువుట సహజమే గాని స్థానికులు హేజ్‌బ్రా అందురు. ఎరుపు, తెలుపు పట్టీల దీపస్తంభము 1790 నాటిది. చరియలు ఇసుక, బంకమట్టితో ఏర్పడినవి. 1950ల చివర కట్టిన కలప అడ్డుకట్టలు శిథిలమైన పిదప కోత తీవ్రమైనది. 2012లో అంచున మిగిలిన ఇళ్ళను స్థానిక మండలి కొని కూల్చివేసినది. కోతవలన ఇల్లు కోల్పోయినవారికి ఇంగ్లాండులో పరిహారము పొందు చట్టబద్ధమైన హక్కు లేదు.

అదే కోత ఒక చరిత్రను బయటపెట్టినది. 2013 మే నెలలో అలలు తీసివేసిన ఇసుక క్రింద సుమారు 8,50,000 సంవత్సరములనాటి పాదముద్రలు కనిపించినవి. ఆఫ్రికా వెలుపల లభించిన మానవజాతి పాదముద్రలలో ఇవి అతి ప్రాచీనమైనవని 2014లో ప్రకటించిరి. పిల్లల అడుగులు కూడ అందులో ఉన్నవి. రెండు వారములలోనే అవి అలలకు చెరిగిపోయినవి; ఛాయాచిత్రములు, కొలతలు మాత్రము మిగిలినవి.

ప్రయాణము

నారిచ్ నుండి క్రోమర్, షెరింగమ్ పట్టణములకు రైళ్ళు కలవు. హేజ్‌బ్రాకు రైలుమార్గము లేదు. చరియల అంచునకు గాని, వాటి అడుగునకు గాని దగ్గరగా నడువరాదు.