ఖామోషీకీ ఒక వజన్ ఉంటుంది

కారులో ఖామోషీ ముఫ్త్‌గా రాదు. దానికీ వజన్ ఉంటుంది. మోటారు కార్ల తారీఖ్ చదివినప్పుడల్లా నాకు ఈ మాటే గుర్తొస్తుంది.

ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఒక రోల్స్ రాయిస్‌కు ఆర్డర్ ఇచ్చారు. 1911లో ఆయన ఇంతకాల్ అయ్యారు. ఆ పసుపు రంగు కారు ఆయన కొడుకు ఉస్మాన్ అలీ ఖాన్‌కు చేరింది. చౌమహల్లా ప్యాలెస్‌కు వెళ్లినవాళ్లు దాన్ని చూసే ఉంటారు. ఆ మోడల్ పేరు సిల్వర్ ఘోస్ట్. 1907లో కంపెనీ తన వెండి రంగు కారొకదానికి ఆ పేరు పెట్టింది, దయ్యంలా చప్పుడు లేకుండా కదులుతుందని. ఆ జమానాలో ఆవాజ్ లేకపోవడమే షాన్.

తర్వాత కార్ల బాడీ మొత్తం పల్చటి ఉక్కు రేకుతో రావడం మొదలైంది. రేకు అదిరితే ఖాళీ డబ్బాలా మోగుతుంది. అందుకే ఫ్లోర్ మీద, డోర్ల లోపల డాంబర్ షీట్లు అతికించి, పైన నమ్దా పరిచారు. డాంబర్ ఆ అదురును కొద్దిపాటి వేడిగా మార్చి మింగేస్తుంది. సాగుతూ జిగటగా ఉండే గుణం వల్లే ఆ పని చేయగలుగుతుంది, బరువు దాంతోపాటే వస్తుంది.

రేసులవాళ్ల హిసాబ్ ఉల్టా. వాళ్లకు వజన్ దుష్మన్. 1973 మోడల్ పోర్షా కరేరా ఆర్ఎస్ రెండు రకాలుగా వచ్చింది. టూరింగ్ రకం 1075 కిలోలు, హల్కా రకం 960. చప్పుడు ఆపే సరంజామా, కార్పెట్లు, వెనక సీట్లు తీసేశారు. అద్దాలూ రేకూ పల్చన చేశారు. అన్నీ కలిస్తేనే 115 కిలోలు తగ్గింది.

ఇప్పుడు మా సికింద్రాబాద్ ఇంటి సంగతి. అబ్బాజాన్ వదిలి వెళ్లిన ప్రీమియర్ పద్మిని ఉంది. "మామూజాన్, లోపలి డాంబరంతా పీకేద్దాం, రఫ్తార్ పెరుగుతుంది" అంటాడు మా భాంజా. డ్రై ఐస్ పరిస్తే డాంబర్ పెళుసుబారి, సుత్తి దెబ్బకు ఊడి వస్తుంది. పని కష్టం కాదు. ఫాయిదా ఎంత? బండి బరువు దాదాపు 900 కిలోలు, ఇంజన్ 1089 సీసీ. 20 కిలోలు తీశామనుకున్నా నూటికి రెండు పైచిలుకే. బడికెళ్లే ఒక పిల్లను దింపేసినంత!

పోయేది మాత్రం చాలా. మే నెలలో ఇంజన్ గర్మీ నేరుగా కాళ్లకు తగులుతుంది. గేర్‌బాక్స్ మోత చెవుల్లో పడుతుంది. వెనక సీట్లో కూర్చునే మా అమ్మీజాన్‌కు వినికిడి తక్కువ. ఆ మోతలో మా మాట ఆమెకు చేరదు, ప్రయాణమంతా ఆమె తన్హా అయిపోతుంది.

డాంబర్ కింద నీరు చేరి తుప్పు పట్టి ఉంటే తీయాల్సిందే. తుప్పు వదిలించి, ప్రైమర్ కొట్టి, కొత్త షీటు వేయాలి. ఒక ఖబర్దార్: పాత కార్ల పూతల్లో కొన్నింటిలో ఆస్బెస్టాస్ కలిపేవారు. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు జహర్. అనుమానం ఉంటే గీకకండి.

2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ రేసు జరిగింది. 2.83 కిలోమీటర్ల చుట్టు, గంటలోపే ఖతం. ఆ కారులో కూర్చునేది ఒక్కడే, అతనికి పక్కవాళ్లతో గుఫ్తగూ అక్కర్లేదు. ఖాందాన్ ఎక్కే కారుకు అది కావాలి. దాని కోసం 20 కిలోలు మోయడం నా లెక్కలో ఘాటా కాదు.