మధ్యపరగణాల రాజకీయాల్లో తెలుగు బారిస్టరు: ఇ. రాఘవేంద్రరావు

ఛత్తీస్‌గఢ్‌లో తెలుగు ప్రసక్తి రాగానే బస్తర్ దక్షిణపు కొసన శబరి ఒడ్డునున్న కొంటా స్మరణకు వస్తుంది. ఆంధ్ర సరిహద్దున ఉండటం వల్ల అక్కడ తెలుగు నిలిచింది. ఉత్తరాన అరపా తీరంలోని బిలాస్‌పూర్‌లో తెలుగువారు వలసవచ్చి స్థిరపడినవారు. బ్రిటిష్ పాలనలో బస్తర్ సంస్థానం కాగా, బిలాస్‌పూర్ మధ్యపరగణాల శాసనసభ పరిధిలో ఉండేది. ఆ సభలో ప్రముఖుడై, గవర్నరు పీఠం వరకు ఎదిగిన తెలుగువాడు ఇ. రాఘవేంద్రరావు.

ఆయన 1889లో నాగపూర్ చేరువనున్న కాంప్టీలో జన్మించారు. ఇంగ్లండులో బారిస్టరు పట్టా పొంది బిలాస్‌పూర్‌లో న్యాయవాద వృత్తి చేపట్టారు. పురపాలక సంఘాధ్యక్షులుగా పేరుపొంది, స్వరాజ్య పక్షం ద్వారా శాసనరాజకీయాల్లో ప్రవేశించారు.

1919 సంస్కరణలు విద్య, స్థానిక పాలన వంటి శాఖలను మంత్రులకు అప్పగించి, ఆర్థిక, పోలీసు శాఖలను గవర్నరు చేతిలోనే ఉంచాయి. ఈ ద్వంద్వ ప్రభుత్వం బూటకమని నిరూపించడం స్వరాజ్యవాదుల ధ్యేయం. మధ్యపరగణాలలో ఆధిక్యం సాధించిన ఆ పక్షం 1924లో మంత్రుల జీతాన్ని ఏడాదికి రెండు రూపాయలకు కుదించింది. ప్రభుత్వం స్తంభించింది.

అయితే బహిష్కారం వల్ల ప్రజలకు ఒరిగేదేమిటన్న ప్రశ్న ఆ పక్షాన్నే చీల్చింది. అధికారం స్వీకరించి ప్రయోజనం సాధించాలన్న వర్గంతో రాఘవేంద్రరావు నడిచారు. 1927లో మంత్రి అయ్యారు. 1930లో హోంసభ్యులయ్యారు. ఆ ఏడే అడవి సత్యాగ్రహం చెలరేగింది. ఒకనాటి సహచరులు చెరసాలలకు వెళుతుండగా శాంతిభద్రతల బాధ్యత ఆయనపై ఉండటం ఆ జీవితంలోని తీవ్ర వైరుధ్యం.

1936లో ఆయన కొన్ని నెలలు తాత్కాలిక గవర్నరుగా పనిచేశారు. అదే ఏడాది మద్రాసులో మరో తెలుగువాడు, కూర్మా వెంకటరెడ్డి నాయుడు, ఆ పదవినే నిర్వహించారు. 1937 ఎన్నికల్లో గెలిచిన కాంగ్రెసు, గవర్నర్ల విశేషాధికారాలపై హామీ కోరుతూ మంత్రివర్గాల ఏర్పాటుకు నిరాకరించగా, ఏప్రిల్ నుంచి జూలై వరకు ఆ రెండు రాష్ట్రాల ప్రధానులూ వీరే. సభలో ఆధిక్యం లేని ఆ మంత్రివర్గాలు కాంగ్రెసు సమ్మతించగానే తప్పుకున్నాయి.

అనంతరం రాఘవేంద్రరావు లండనులో భారత మంత్రికి సలహాదారుగా, 1941 నుంచి వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో పౌరరక్షణ సభ్యులుగా వ్యవహరించి, 1942 జూన్‌లో ఢిల్లీలో మరణించారు. క్విట్ ఇండియా తీర్మానానికి అప్పటికి రెండు నెలలైనా లేదు.

పదవి ద్వారా మేలు చేయవచ్చునన్న ఆయన విశ్వాసం నిరాధారమైనది కాదు. కాని ప్రజల ఎన్నిక ఇచ్చే బలాన్ని ప్రభుత్వ నియామకం ఇవ్వజాలదని 1937 తేల్చింది. బిలాస్‌పూర్‌లోని రాఘవేంద్రరావు సభాభవనం నేటికీ ఆయన పేరు నిలుపుతున్నది. ఆ పేరు వెనుక ఉన్న సామర్థ్యాన్నీ, సంకటాన్నీ కలిపి చూడటమే చరిత్రకు న్యాయం.